గంగులు తాగని ఆయిల్

జాకీ రాడ్డు మొదటి దెబ్బ గంగులు భుజం మీద పడింది. రెండో దెబ్బకి వాడు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన కందికంప కాలి కింద పడి విరిగినట్టు చిన్న చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. అయినా షెడ్డు గుమ్మంలో నిలబడ్డ అప్పలసూరికి స్పష్టంగా వినపడింది.

"ఎక్కడ అమ్మినావురా? ఎవడికి అమ్మినావు?" అంటున్నాడు నగరేశ్వరరావు. అడగడం ఒకసారి, కొట్టడం రెండుసార్లు. జవాబు కోసం ఆగడం మాత్రం లేదు.

ఆదివారం ఉదయం పదిన్నర. అరసవల్లి గుడికి పోయే ఆటోలు ఆ రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. లోపల కూర్చున్న ఆడవాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. చూసి, పిల్లల మొహాలు అటు తిప్పేశారు. ఏ ఆటో ఆగలేదు. నగరేశ్వరరావుది శ్రీకాకుళంలో పెద్ద బియ్యం కొట్టు. అతను కొడుతుంటే ఆపిన వాళ్ళు ఇంతవరకు లేరు. గోడౌన్ కలాసీలిద్దరు గంగులుని చెరోవైపు పట్టుకున్నారు. వాళ్ళ మొహాల్లో కోపం లేదు. బస్తా మోసేటప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు.

ఆ జాకీ రాడ్డు అప్పలసూరిదే. పద్దెనిమిదేళ్ళుగా అతను మెకానిక్కు. కొట్టడానికి దాన్ని అందించింది కూడా ఒకరకంగా అతనే.

సంగతి ఏమిటంటే, నగరేశ్వరరావుకి ఏడుగురు పట్టే డీజిల్ కారు ఉంది. కొని నాలుగేళ్ళయింది. మూడు నెలలుగా అందులో ఇంజన్ ఆయిల్ తరిగిపోతోంది. డ్రైవరు గంగులు సోమవారం సోమవారం కొలపుల్ల తీసి చూడడం, తగ్గిందని చెప్పడం, కొట్టు పేరు చెప్పి డబ్బా తెచ్చి పొయ్యడం. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి లీటరు పైన ఖర్చు. నిన్న సాయంత్రం షావుకారు బండిని చూడమని అప్పలసూరి దగ్గరికి పంపాడు. అప్పలసూరి బండి కింద అట్టముక్క పరిచాడు. చుక్క పడలేదు. రెండు నిమిషాలు ఇంజన్ తిప్పి వెనకాల చూశాడు. పొగ లేదు. అంతే, చూడడం అయిపోయింది. ఎదర ముగ్గురు స్నేహితులు టీ గ్లాసులతో కూర్చుని ఉన్నారు. అప్పుడే షావుకారు ఫోను చేశాడు. అప్పలసూరి ఫోను స్పీకరులో పెట్టి, ఆ ముగ్గురి వైపు కన్ను గీటి, "కింద సుక్క కారట్లేదు, ఎనక పొగ రావట్లేదు. మరి కాళ్ళొచ్చి ఎల్లిపోయిందేటి బాబూ? ఎవడో తాగతన్నాడు!" అన్నాడు.

టీ తాగేవాళ్ళు పగలబడి నవ్వారు. ఫోనులో నవ్వు వినపడలేదు.

అప్పలసూరికి నోటి దూల ఉంది. నలుగురూ నవ్వుతారంటే సొంత తమ్ముడి మీదైనా ఒక మాట విసురుతాడు. ఆ మాట ఇవాళ పొద్దున్నే జాకీ రాడ్డై తిరిగొచ్చింది.

"బాబూ, నాను ఎగతాళికి అన్నాను" అన్నాడు అప్పలసూరి.

నగరేశ్వరరావు రాడ్డు మొనని అతని గడ్డం కింద ఆనించాడు. మొన తడిగా ఉంది.

"ఎగతాళా? నేను నీకు ఎగతాళి మనిషిలా కనబడతన్నానేటిరా సూరీ? బండిలో లోపం ఉందా, లేదా? నిన్న లేదన్నావు. అదే మాట కాయితం మీద రాసి సంతకం పెట్టు. నాలుగింటికి వస్తాను. సంతకం తీసుకుని ఈణ్ణి పోలీసులకి అప్పజెప్తాను. పదేళ్ళు మా ఇంట్లో తిని మాకే కన్నం ఎడతాడా?"

కలాసీలు గంగులుని ట్రాలీ ఆటోలోకి ఎత్తారు. వాడు షావుకారుని బతిమాలలేదు. విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అప్పలసూరి వైపు తిరిగాడు.

"సూరన్నా, నువ్వు సెప్పినావా?"

"ఆడే సెప్పాడ్రా!" అన్నాడు నగరేశ్వరరావు.

ఆటో వెళ్ళిపోయింది. నేల మీద చెప్పు ఒకటి మిగిలింది.

అప్పలసూరి షట్టరు సగం దించేశాడు. మిగిలిన బండ్లవాళ్ళని రేపు రమ్మని పంపేశాడు. చొక్కా విప్పి, నిన్న చెయ్యాల్సిన పని ఇవాళ మొదలుపెట్టాడు.

ఆయిల్ నాలుగు దారుల్లో పోతుంది. బయటికి కారిపోవచ్చు. రేడియేటరు నీళ్ళలో కలిసిపోవచ్చు. పిస్టన్ రింగులు అరిగితే లోపలే మండిపోవచ్చు. లేదా టర్బో తాగెయ్యవచ్చు. టర్బో అంటే ఇంజన్ వదిలే వేడి పొగతో గిర్రున తిరిగి, ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే చిన్న పంకా. నిమిషానికి లక్ష చుట్లకి పైమాటే. దాని ఇరుసు కాలిపోకుండా ఆయిలే కాపాడాలి. ఇంజన్ నుంచి ఆయిల్ పైకొచ్చి, ఇరుసుని తడిపి, చల్లార్చి, ఇంకో గొట్టంలోంచి తన బరువుతో తనే కిందికి దిగిపోవాలి.

కారడం లేదని నిన్ననే తేలింది. నీళ్ళ డబ్బా మూత తీసి వేలుపెట్టి చూశాడు. జిడ్డు లేదు. ఇంజన్ తిప్పి, ఆయిల్ పోసే మూతిమీద మూతని బోర్లించి పెట్టాడు. రింగులు పోయిన ఇంజనైతే ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూతలా అది ఎగిరెగిరి పడుతుంది. ఇది కాస్త కదిలి ఊరుకుంది. రింగులు బాగున్నాయి.

ఇంజన్‌ని అలాగే వదిలేసి ఎదురుచూశాడు. నిన్న రెండు నిమిషాలు. ఇవాళ పావుగంట. తర్వాత ఒక్కసారి యాక్సిలరేటరు నొక్కి వదిలాడు. సైలెన్సరులోంచి నీలంగా, ఇంత మబ్బు వచ్చింది. కళ్ళు మండాయి.

"సూసినావా, సూసినావా" అని తనని తానే తిట్టుకున్నాడు. పావుగంట ఓపిక పట్టి ఉంటే సరిపోయేది. పావుగంటకి ఒక మనిషి చెయ్యి విరిగింది.

టర్బో నుంచి గాలిని చల్లార్చే పెట్టెకి వెళ్ళే గొట్టం ఊడదీశాడు. గాలి తప్ప ఏమీ ఉండకూడని చోటు అది. వంచగానే నల్లటి ఆయిల్ గ్లాసుడు జారింది. లోపల ఇంకా చాలా ఉంది. తీసెయ్యబోయి ఆగాడు. అతనికి ఒక పద్ధతి ఉంది. దొరికిన లోపాన్ని దొరికినట్టే ఉంచి, బండి యజమాని కళ్ళతో చూశాకే శుభ్రం చేస్తాడు. ఈసారి మరీ ముఖ్యం. పెట్టెలో ఆయిల్‌ని అలాగే వదిలి గొట్టం మళ్ళీ బిగించాడు.

ఆయిల్ కిందికి దిగే గొట్టం విప్పడానికి గంట పట్టింది. విప్పి వెలుతురులో పెట్టి చూస్తే బొటనవేలు పట్టాల్సిన కంతలో పెన్సిలు ముల్లు కూడా పట్టేలా లేదు. చుట్టూ నల్లగా, గట్టిగా, బొగ్గులా పేరుకుపోయింది. కిందికి దారిలేని ఆయిల్ సీళ్ళలోంచి పక్కలకి తోసుకుని వెళ్ళి మండిపోతోందన్న మాట.

సరే, దొంగ దొరికింది. కానీ నాలుగేళ్ళ బండిలో ఇంత మాడు ఎలా పట్టింది? ఆయిల్ వేళకి మారుస్తున్నారు, బిల్లులున్నాయి. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు లేకపోతే షావుకారు 'బండి పాడుచేసిందీ గంగులే' అంటాడు. అప్పుడు రెండో చెయ్యి కూడా మిగలదు.

అలా గొట్టం పట్టుకుని కూర్చుని ఉండగా, బోల్టుల డబ్బా వచ్చి నుదుటికి తగిలింది. బోల్టులన్నీ షెడ్డంతా చెదిరిపోయాయి. గంగులు భార్య చిన్నతల్లి సగం దించిన షట్టరు కిందనుంచి దూరి లోపలికి వచ్చింది. చేతికి అందిన స్పానరు కూడా ఎత్తింది.

"నీ నోట్లో మన్నుపడ! నా మావ దొంగేటిరా? నీ సెల్లి పెళ్ళికి మూడు రోజులు బండి తోలినాడు, డీజిలు కూడా అడగనేదు. ఆడు దొంగేటి?"

అప్పలసూరి కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి దిగింది. తుడుచుకోలేదు.

"కొట్టమ్మా. కొట్టినాక ఒక్కమాట సెప్పు. గంగులు బండి ఎలగ ఆపతాడు?"

"ఏటి?"

"దూరం నించి వచ్చినాక, ఇంజను ఎంటనే ఆపేస్తాడా, కాసేపు తిరగనిస్తాడా?"

చిన్నతల్లి స్పానరు దించింది గానీ వదల్లేదు. "ఆపకపోతే తంతారు కదా! విశాఖపట్నం నించి వస్తన్నప్పుడు పెద్దరోడ్డు పక్కన ఆళ్ళ అసిరితల్లి గుడి నేదూ? ఆ బుజ్జమ్మగారు, సావుకారు తల్లి, ఆవిడ పెట్టిన రూలు. ఎంత జోరుగా వస్తన్నా సరే అమ్మోరి ఎదర చక్రం ఆగతానే ఇంజను సచ్చిపోవాలి. అమ్మోరి సెవుల్లో బండి రొద పడకూడదంట. షోరూమోలు ఒక నిమసం తిరగనిచ్చి ఆపమన్నారని నా మావ ఓపాలి సెప్పినాడు. ఒక్క నిమసం ఉంచినాడు కూడా. ఆ సావుకారు అమ్మోరి ఎదరే సెంప మీద కొట్టినాడు. అప్పట్నించి నోరు మూసుకుని ఆపేస్తన్నాడు. అమ్మోరికి అంత బయపడ్డోడు ఆయిలు దొంగిలిస్తాడేటి?"

అప్పలసూరి లేచి నిలబడ్డాడు.

ఆ గుడి కథ అతనూ విన్నాడు. ముప్పై ఏళ్ళ కిందట వరదరాత్రి నగరేశ్వరరావు తండ్రి లారీ ఆ గుడి ముందుకొచ్చి దానంతటదే ఆగిపోయిందట. తెల్లారి చూస్తే పది గజాల ముందు కల్వర్టు కొట్టుకుపోయి ఉందట. అసిరితల్లే లారీ నోరు మూసి కాపాడిందని, తమ ఇంటి బండి ఏదైనా ఆమె ముందు నోరెత్తకూడదని ఆ కుటుంబం మొక్కుకుంది. పాత లారీకి టర్బో లేదు, నష్టమూ లేదు. ఈ బండి అలా కాదు. నూట ఇరవై మీద వచ్చిన టర్బో ఎర్రగా కాలుతుంటుంది. ఆ క్షణమే ఇంజన్ ఆపితే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది. ఇరుసు చుట్టూ మిగిలిన కాస్త ఆయిల్ అక్కడే మాడుతుంది. వేపుడయ్యాక కాలుతున్న మూకుడులో అడుగున కాస్త నూనె వదిలేస్తే ఏమవుతుందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమినా ఆ పట్టు వదలదు. వారానికి నాలుగుసార్లు, నాలుగేళ్ళు, అదే మూకుడు.

"అమ్మా చిన్నతల్లీ, నీ మావ దొంగ కాదు. నాలుగింటికి ఆ మాట నాను సెప్తాను" అన్నాడు.

"ముందు అన్నప్పుడు ఊరంతా ఇన్నాది. ఇప్పుడు ఎవుడు ఇంటాడు?" అంది ఆమె. వెళ్ళలేదు. షట్టరు పక్కన నేలమీద కూర్చుంది, స్పానరు ఒళ్ళో పెట్టుకుని.

అప్పలసూరి ఆ గొట్టం ఉన్నదున్నట్టు తిరిగి బిగించాడు. బండి తిప్పి పొగ చూపించాలి, తర్వాత అందరి ముందూ విప్పాలి. అలా అనుకున్నాడు.

నాలుగు కాకముందే వచ్చారు. గంగులుని కలాసీలు దించారు. ముంజేయి వాచి, చర్మం బిగిసి మెరుస్తోంది. పెదవి చీలి ఉంది. చిన్నతల్లి ఒక్క కేక పెట్టి లేవబోతే ఒక కలాసీ కాలితో అడ్డుకున్నాడు. నగరేశ్వరరావు జేబులోంచి కాగితం తీశాడు. రాయడం కూడా వాళ్ళే రాసుకొచ్చారు. సంతకం ఒక్కటే తక్కువ.

"పెట్టు."

"బాబూ, లోపం బండిలోనే ఉన్నాది. టర్బో తాగతన్నాది. నిన్న నాను సరిగ్గా సూడనేదు, తప్పు నాది." అప్పలసూరి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పొగ సంగతి, గొట్టం సంగతి, పెట్టెలో ఆయిల్ సంగతి. చివరికి ఆగి, ఆ మాట కూడా అన్నాడు. "అసిరితల్లి కాడ బండి ఆపినప్పుడు ఇంజను ఒక నిమసం తిరగనియ్యాలి. అదే దీని జబ్బు. గంగులు మీకు ముందే సెప్పినాడంట."

నగరేశ్వరరావు ఒక అడుగు ముందుకు వేశాడు.

"అంటే, మా అసిరితల్లి నా బండి పాడుచేసిందంటావు."

"తల్లి కాదు బాబూ, ఎంటనే తిప్పేసిన తాళం."

కాలు వచ్చి పొట్టలో తగిలింది. అప్పలసూరి పానా పెట్టె మీద వెల్లకిలా పడ్డాడు. ఇంకో తన్ను పక్కటెముకల్లో. "డ్రైవరూ మెకానిక్కూ కలిసి నాకు కథలు సెప్తారురా! అమ్మోరి మీద ఎడతారా? ఎక్కడరా పొగ? సూపిస్తాను ఉండు!"

కారెక్కి తాళం తిప్పాడు. నేల మీంచి అప్పలసూరి అరిచాడు, "బాబూ, గట్టిగా తొక్కకండి! లోపల ఆయిలు నిండి..."

యాక్సిలరేటరు అడుగంటా తొక్కేశాడు నగరేశ్వరరావు.

ముందు నీలం పొగ వచ్చింది. తర్వాత తెల్లగా, దట్టంగా, రోడ్డుమీద ఆటోలు కూడా కనపడనంత. పెట్టెలో నిలవున్న ఆయిల్ అంతా ఆ జోరుకి ఒక్కసారి ఇంజన్‌లోకి పోయింది. డీజిల్ ఇంజన్‌కి ఆయిల్ దొరికితే ఇక డీజిల్ అక్కర్లేదు. నగరేశ్వరరావు భయపడి కాలు తీశాడు. రొద తగ్గలేదు, పెరిగింది. తాళం తిప్పి ఆపాడు. ఆగలేదు. తాళం ఊడబెరికి చేతిలో పట్టుకున్నాడు. ఇంజన్ ఇంకా అరుస్తూ, తన ఆయిల్ తానే తాగుతూ, గొంతు పెంచుకుంటూ పోయింది. బానెట్టు దడదడలాడింది. రేకుల కప్పు మీంచి తుప్పు రాలింది. ఇంకో అరనిమిషం అలా తిరిగితే లోపలి ఇనుము విరిగి ఇంజన్‌ని చీల్చుకుని బయటికి వస్తుంది. ఎదర ఎవరుంటే వాళ్ళలోంచి పోతుంది.

కలాసీలు పారిపోయారు.

అప్పలసూరి చెక్క ఒకటి అందుకుని గాలి పీల్చే మూతిని మూసెయ్యాలని బానెట్టు ఎత్తాడు. గొట్టం బిగింపు ఊడి కాగిన ఆయిల్ ముంజేతుల మీద చిమ్మింది. కెవ్వుమని వెనక్కి పడ్డాడు.

"గేరెయ్యండి! అయిదో గేరు! బ్రేకు తొక్కండి!" గంగులు అరుస్తున్నాడు. నగరేశ్వరరావు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని నోరు తెరుచుకుని ఉన్నాడు. అతనికి ఏమీ వినపడడం లేదు.

గంగులు పరిగెత్తి ఎడంచేత్తో తలుపు తెరిచాడు. షావుకారు కాలరు పట్టి లాగాడు. రాలేదు. తలతో ముక్కు మీద ఒక్కటి ఇచ్చాడు. పట్టు వదిలింది. మనిషిని బస్తాలా కిందికి ఈడ్చి, తాను ఎక్కి కూర్చున్నాడు. గేరు ఎడంచేతి వైపే ఉంటుంది కదా, వాడికి ఆ చెయ్యి మిగిలే ఉంది. క్లచ్ నొక్కి, గేరు అయిదులోకి తోసి, ఒంటి బరువంతా బ్రేకు మీద వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు.

బండి పోట్లగిత్తలా గజం దూరం దూకింది. పనిబల్లని గుద్దింది. ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయింది.

పొగలో అందరూ దగ్గుతున్నారు.

నగరేశ్వరరావు లేచాడు. ముక్కులోంచి రక్తం మీసం మీదికి కారుతోంది. తాళం ఇంకా పిడికిట్లోనే ఉంది. దాన్ని చూశాడు, బండిని చూశాడు, రోడ్డుమీద ఆగిన జనాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"టర్బో మార్చడానికి ఎన్నాళ్ళు పడతాది?" అన్నాడు అప్పలసూరితో. తర్వాత, ఎటో చూస్తూ, "ఎల్లి కట్టు కట్టించుకోరా గంగులూ. నయమయ్యాక పనిలోకి రా. అయిందేదో అయింది."

గంగులు బండి దిగాడు. నేలమీద జాకీ రాడ్డు ఉంది. ఎడంచేత్తో ఎత్తాడు. నగరేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుపోయాడు. గంగులు అతన్ని దాటి వచ్చాడు. అప్పలసూరి ముందు నిలబడ్డాడు.

"మావా, ఒద్దు" అంది చిన్నతల్లి.

అప్పలసూరి కాలిన చేతులు ఎత్తలేదు, తల వంచలేదు.

"ఆడు దీంతో కొట్టినాడు. నువ్వు దేంతో కొట్టినావురా?" అన్నాడు గంగులు. రాడ్డుని బండి కిందికి విసిరేశాడు. ఎడంచేత్తో అప్పలసూరి చెంప మీద ఒక్క దెబ్బ కొట్టాడు. చెవిలో గుయ్యిమంది. ఎడంచేతి దెబ్బ చెప్పుదెబ్బతో సమానమని ఆ రోడ్డుమీద అందరికీ తెలుసు.

ఆ తర్వాత భార్యా భర్తా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. అప్పలసూరి వెనకనుంచి ఆటో తెచ్చాడు. వాళ్ళు ఎక్కలేదు. వేరే ఆటో ఎక్కారు. అతను ఆ ఆటో వెనకే వెళ్ళాడు.

పెద్దాసుపత్రిలో దెబ్బల కేసు కాబట్టి కానిస్టేబుల్ వచ్చి పుస్తకం తెరిచాడు. "ఎవరు కొట్టారు?"

గంగులు పేరు చెప్పాడు. కానిస్టేబుల్ పెన్ను ఆగింది. "ఆ షావుకారు గారా? చూసిన వాళ్ళెవరైనా ఉన్నారా? లేకపోతే ఎందుకు లేనిపోని గొడవ? బండి మీంచి పడ్డాడని రాసేస్తాను. ఎక్సురే తొందరగా అవుతుంది."

చిన్నతల్లి గోడ వైపు తిరిగింది. రోడ్డు నిండా జనం చూశారు. ఒక్కరూ వెంట రాలేదు.

"నాను సూసినాను" అన్నాడు అప్పలసూరి గుమ్మంలోంచి. "నా షెడ్డు కాడే కొట్టినాడు. నా రాడ్డుతోనే."

"సాక్షి సంతకం పెట్టాలి. తర్వాత ఆయనతో నీకేమొచ్చినా నాకు తెలీదు."

"రాయండి."

గంగులు అతని వైపు చూడలేదు. లోపలినుంచి పిలుపొస్తే లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి తలుపు అవతల ఎముక సరిచేస్తుంటే వాడు పెట్టిన అరుపు ఇవతలికి వినపడింది. అప్పలసూరి పెన్ను పట్టుకోలేక పట్టుకున్నాడు. బొబ్బలెక్కిన వేళ్ళు మడత పడడం లేదు. సంతకం పెట్టేముందు కానిస్టేబుల్ రాసినదంతా వరసగా చదువుకున్నాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ 'ఎవరో దొంగ అని చెప్పగా' అని రాసినారు బాబూ."

"అయితే ఏంటి?"

"ఎవరో కాదు. కొట్టేయండి అది. 'మెకానిక్ అప్పలసూరి అబద్ధం చెప్పగా' అని రాయండి. రాస్తేనే సంతకం ఎడతాను."